‘జేన్ ఐర్’ నవలను స్త్రీవాదులు ఎట్లా చదివారు? – ఒక పరిశీలన

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని చెల్లెళ్లు అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. అమ్మ మీద, చదువు మీద, స్నేహం మీద కవితలు ఈ సంచికలో ఎలాగూ ఉంటాయి కదా అని ఆగిపోయాను. ఎం.ఏ. ఇంగ్లీషులో నేను సెమినార్ పేపరుగా తీసుకున్న విషయాన్నే అందరికీ అర్థమయ్యేటట్టు రాస్తున్నాను. డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నవారికి, పీజీ ఎంట్రన్సుకూ నెట్, సెట్ పరీక్షలకూ చదువుతున్నవారికి ఇది నేరుగా పనికొస్తుంది. మిగతావారు కథగా చదువుకోవచ్చు. ఇది చాలావరకు ఒక హాస్టల్ అమ్మాయి కథే.

నవల పేరు ‘జేన్ ఐర్’. 1847 అక్టోబరులో లండన్‌లో స్మిత్, ఎల్డర్ అండ్ కంపెనీ వారు మూడు సంపుటాలుగా వేశారు. పుస్తకం మీద ‘ఆత్మకథ’ అనీ, సంపాదకత్వం కరర్ బెల్ అనీ ఉంది. కరర్ బెల్ అంటే ఆడో మగో ఎవరికీ తెలియదు. అసలు రచయిత్రి షార్లట్ బ్రాంటీ. ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్‌లో హావర్త్ అనే ఊరి చర్చి పాస్టరుగారి కూతురు. 1816లో పుట్టింది. 1855లో, ముప్పై తొమ్మిదేళ్లు నిండకముందే చనిపోయింది. ఇరవయ్యేళ్ల వయసులో తన కవితలను రాబర్ట్ సదీ అనే ఆస్థానకవికి పంపిస్తే 1837లో ఆయన జవాబు రాశాడు. సాహిత్యం ఆడవాళ్ల జీవితానికి వృత్తి కాజాలదు, కాకూడదు అని ఆ ఉత్తరం సారాంశం. పదేళ్ల తర్వాత ఆమె పేరు దాచుకోవడం వెనుక ఆ ఉత్తరం కూడా ఉండి ఉంటుందని నా అనుమానం.

ఇక కథ. జేన్ తల్లీతండ్రీ లేని పిల్ల. మేనమామ పోయాక ఆయన భార్య మిసెస్ రీడ్ ఇంట్లో పడి ఉంటుంది. ఆ ఇంటి కొడుకు పుస్తకం విసిరికొట్టి తల పగలగొడితే జేన్ తిరగబడుతుంది. శిక్షగా ఎర్రగది అనే గదిలో పెట్టి తాళం వేస్తారు. అప్పటికి ఆమెకు పదేళ్లు. తర్వాత లోవుడ్ అనే స్కూలుకు పంపిస్తారు. అక్కడే ఉండాలి, అక్కడే చదవాలి. నేను ఈ నవలను మొదటిసారి పదో తరగతిలో ఉన్నప్పుడు, హాస్టల్‌లో ఎవరో సీనియర్ అక్క వదిలేసిపోయిన సంక్షిప్త ప్రతిలో చదివాను. సగం మాటలు అర్థం కాలేదు. కానీ లోవుడ్ అధ్యాయాలు మాత్రం డిక్షనరీ లేకుండానే అర్థమయ్యాయి.

పొద్దున్నే చీకట్లో గంట కొడతారు. జగ్గులో నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. ఒక రోజు జావ మాడిపోతుంది, ఎవ్వరూ తినలేరు. మిస్ టెంపుల్ అనే హెడ్‌మిస్ట్రెస్ తన బాధ్యత మీద పిల్లలకు రొట్టె, జున్ను పెట్టిస్తుంది. ఆ సంగతి తెలిసి బ్రాకిల్‌హర్స్ట్ అనే కోశాధికారి ఆమెను నిలదీస్తాడు. ఆకలి మాపితే పిల్లల ఆత్మ చెడిపోతుందట. పెద్ద పిల్లలు చిన్న పిల్లల వాటా రొట్టె లాక్కుంటారు. (ఇది చదివి మా రూములో అందరం నవ్వాం. ఎవరిని చూసి నవ్వామో వారి పేరు రాయను.) ఒక్కో పిల్లకు ఏడాదికి 15 పౌండ్లు ఫీజు. అది చాలదు, మిగతాది దాతలు ఇస్తారు, అందుకే మనల్ని ధర్మానికి చదివే పిల్లలంటారని హెలెన్ బర్న్స్ అనే స్నేహితురాలు జేన్‌కు వివరిస్తుంది. ఆడపిల్లల జుట్టు వంకీలు తిరిగి ఉంటే అది గర్వమని, కత్తిరించేయమని బ్రాకిల్‌హర్స్ట్ ఆజ్ఞాపిస్తున్న సమయానికే ఆయన భార్యా కూతుళ్లూ మఖ్‌మల్, పట్టు, బొచ్చుకోట్లు వేసుకుని, జుట్టు వంకీలు తిప్పుకుని లోపలికి వస్తారు. ఆ రోజే ఆయన జేన్‌ను ఒక స్టూలు ఎక్కించి, ఈ పిల్ల అబద్ధాలకోరు అని అందరి ముందూ ప్రకటిస్తాడు.

మా చిన్నప్పుడు తనిఖీకి వచ్చిన ఒకాయన మమ్మల్ని వరుసలో నిలబెట్టి, ప్రభుత్వం మీకు ఇంత పెడుతుంటే లెక్కలు కూడా రావా అన్నాడు. లెక్క అడిగి ఉంటే చెప్పేవాళ్లం, కానీ ఆయన అడగలేదు. స్టూలు మీద జేన్ నిలబడ్డ పేజీ చదివినప్పుడు నాకు ఆ వరుస గుర్తొచ్చింది. అందుకే చాలా ఏళ్లు ‘జేన్ అంటే నేనే’ అనుకుని తిరిగాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ అనుకోవడమే.

లోవుడ్ కల్పన కాదు. షార్లట్, ఆమె అక్కచెల్లెళ్లు ముగ్గురు 1824లో కోవన్ బ్రిడ్జ్ అనే చోట పాస్టర్ల కూతుళ్ల కోసం పెట్టిన స్కూల్లో చేరారు. పెద్దక్కలు మరియా, ఎలిజబెత్ అక్కడ క్షయ బారినపడి ఇంటికి వచ్చి 1825లో చనిపోయారు. హెలెన్ బర్న్స్ పాత్రకు మూలం మరియానే. నవలలో టైఫస్ జ్వరం వచ్చి పిల్లలు చాలామంది చనిపోతేగానీ విచారణ జరగదు, మంచి భవనం రాదు, తిండి మారదు.

తర్వాతి కథ తొందరగా చెప్తాను. జేన్ లోవుడ్‌లోనే ఆరేళ్లు చదివి, రెండేళ్లు టీచరుగా చేస్తుంది. తర్వాత పత్రికలో ప్రకటన ఇచ్చుకుని థార్న్‌ఫీల్డ్ అనే బంగళాలో గవర్నెస్‌గా చేరుతుంది. గవర్నెస్ అంటే ఇంట్లోనే ఉండి పిల్లలకు చదువు చెప్పే ఆమె. జీతం ఏడాదికి 30 పౌండ్లు. యజమాని రాచెస్టర్, ఆమె ఒకరినొకరు ఇష్టపడతారు. చర్చిలో పెళ్లి జరుగుతుండగా ఒక లాయరు లేచి, ఈయనకు భార్య బతికే ఉంది అంటాడు. ఆ భార్య పేరు బెర్తా మేసన్. జమైకా దీవిలో పుట్టినామె. ముప్పై వేల పౌండ్ల కట్నంతో వచ్చింది. పిచ్చిదని ఆమెను మూడో అంతస్తులో గదిలో బంధించి, గ్రేస్ పూల్ అనే ఆమెను కాపలా పెట్టారు. జేన్ ఆ రాత్రి గడవగానే ఇల్లు వదిలి వెళ్లిపోతుంది, ఆకలితో రోడ్ల మీద తిరుగుతుంది. చివరికి సెయింట్ జాన్ రివర్స్ అనే పాస్టరు, అతని చెల్లెళ్లు ఆశ్రయమిస్తారు. వాళ్లు తన మేనత్త పిల్లలేనని తర్వాత తెలుస్తుంది. మదీరా దీవిలో ఉన్న చిన్నాన్న చనిపోతూ ఇచ్చిన 20,000 పౌండ్ల ఆస్తి వస్తే, నలుగురూ తలా ఐదు వేలు పంచుకుంటారు. మతప్రచారానికి ఇండియాకు పోదాం, నన్ను పెళ్లి చేసుకో, హిందుస్తానీ నేర్చుకో అని సెయింట్ జాన్ ఒత్తిడి చేస్తాడు. జేన్ ఒప్పుకోదు. ఇంతలో బెర్తా థార్న్‌ఫీల్డ్‌కు నిప్పు పెట్టి, కప్పు మీదినుంచి దూకి చనిపోతుంది. ఆమెను రక్షించబోయిన రాచెస్టర్ ఒక చెయ్యి, చూపు పోగొట్టుకుంటాడు. జేన్ తిరిగి వచ్చి అతన్ని పెళ్లి చేసుకుంటుంది.

విడాకులు తీసుకోవచ్చు కదా అని మా క్లాసులో ఒకరు అడిగారు. 1857 చట్టం వచ్చేదాకా ఇంగ్లండులో పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకోవాలి. దానికి కూడా పిచ్చి ఒక కారణంగా చెల్లదు. పెళ్లైన ఆడదాని డబ్బు మామూలుగా భర్తదే అయ్యేది. ఆమెకు సొంత ఆస్తి హక్కు 1870, 1882 చట్టాలతో వచ్చింది. అంటే బెర్తా తెచ్చిన ముప్పై వేలు రాచెస్టర్ చేతిలో, బెర్తా రాచెస్టర్ తాళం కింద. ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ నవలలో తిరుగుబాటు ఉందని మొట్టమొదట కనిపెట్టింది స్త్రీవాదులు కారు, వారికి పూర్తిగా ఎదురు పక్షంవారు. 1848 డిసెంబరులో ‘క్వార్టర్లీ రివ్యూ’ అనే పత్రికలో ఎలిజబెత్ రిగ్బీ అనే విమర్శకురాలు దీన్ని చీల్చి చెండాడింది. అప్పట్లో ఇంగ్లండులో ఓటుహక్కు కోసం కార్మికులు చార్టిస్టు ఉద్యమం నడుపుతున్నారు. యూరప్‌లో విప్లవాలు లేచిన ఏడాది అది. ఆ ఉద్యమాలను నడిపించే బుద్ధి ఏదో ఈ నవలను రాసిన బుద్ధీ అదే అన్నది ఆమె. దీన్ని ఒక ఆడమనిషే రాసి ఉంటే ఆమె ఆడవాళ్ల సావాసానికి తగనిదని కూడా అన్నది. 1855లో మార్గరెట్ ఆలిఫంట్ అనే నవలా రచయిత్రి కూడా ప్రేమకథల్లో సమానత్వం అడిగే ఈ కొత్త రకం నాయికను ప్రమాదకరమైన విప్లవంగానే చూసింది. ఇద్దరూ ఆడవాళ్లే. నాకు వీళ్ల మీద కోపం లేదు. పుస్తకంలోని నిప్పు వేడి వాళ్లకు తగిలింది, వెనక్కి జరిగారు.

తర్వాత చాలాకాలం ఈ పుస్తకం కన్నా దీన్ని రాసిన మనిషి మీద జాలే ఎక్కువగా నడిచింది. 1857లో ఎలిజబెత్ గాస్కెల్ రాసిన జీవితచరిత్ర దానికి ముఖ్య కారణం. కష్టాలు పడ్డ, తండ్రిని చూసుకున్న మంచి కూతురు అనే బొమ్మ అందులోంచి వచ్చింది. ఆ బొమ్మను తాకకుండా నవలను నవలగా పట్టుకున్నది వర్జీనియా ఉల్ఫ్.

ఉల్ఫ్ 1928లో కేంబ్రిడ్జిలోని రెండు మహిళా కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చి, వాటిని పెంచి 1929లో ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ అనే పుస్తకం వేసింది. ఆడది రాయాలంటే ఏడాదికి 500 పౌండ్లు, తాళం వేసుకునే గది కావాలన్న వాదం అందులోదే. ఆ పుస్తకంలో ఆమె ‘జేన్ ఐర్’ పన్నెండో అధ్యాయం తీసుకుంటుంది. జేన్ బంగళా కప్పు మీద నిలబడి దూరంగా చూస్తూ, ఆడవాళ్లకూ మగవాళ్లలాగే మనసు, శక్తి ఉంటాయి, వంటకూ అల్లికలకూ పరిమితం చేస్తే ఊపిరాడదు అని ఆలోచిస్తుంటుంది. అంతలో హఠాత్తుగా లోపలినుంచి ఒక నవ్వు వినిపిస్తుంది. గ్రేస్ పూల్ నవ్వు అని జేన్ అనుకుంటుంది. ఈ తెంపు అతుకులా ఉందని ఉల్ఫ్ అభ్యంతరం. బ్రాంటీ తన కోపాన్ని కథలోకి తోసింది, అందుకని పుస్తకం వంకర పోయింది, ప్రతిభ పూర్తిగా బయటికి రాలేదు అన్నది.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఉల్ఫ్ మీద ఒళ్లు మండింది. ఆకలైనవాడు అన్నం అడిగేటప్పుడు గొంతు సవరించుకుని అడగాలన్నట్టు అనిపించింది. తర్వాత నిదానంగా చూస్తే ఆమె తప్పు బ్రాంటీది అనడం లేదు, చేతిలో డబ్బు లేకపోవడం రాతను ఎట్లా దెబ్బతీస్తుందో చెప్తున్నది. ఐతే ఒక చిన్న సంగతి మీరు గమనించాలి. ఆ పుస్తకంలో విషయం చెప్తున్న ఆమెకు 500 పౌండ్లు ఎక్కడినుంచి వచ్చాయంటే, బొంబాయిలో గుర్రం మీదినుంచి పడి చనిపోయిన మేనత్త రాసిచ్చింది. జేన్‌కు మదీరానుంచి, ఈమెకు బొంబాయినుంచి. ఇంగ్లండులో ఆడదానికి సొంత గది కట్టడానికి డబ్బు ఓడల మీద వస్తున్నది. ఇది 1929లో ఎవరికీ పెద్ద విషయంగా తోచలేదు.

1970ల్లో అమెరికాలో స్త్రీవాద ఉద్యమం యూనివర్సిటీల్లోకి వచ్చింది. సిలబస్‌లో ఆడవాళ్లు ఎందరున్నారు అని లెక్కపెట్టడం మొదలైంది. ఆ వేడిలో ‘జేన్ ఐర్’ వాళ్లకు దాదాపు బైబిలు అయింది. కవయిత్రి ఏడ్రియన్ రిచ్ 1973లో ‘మిజ్’ పత్రికలో ఒక వ్యాసం రాసింది. తల్లి లేని జేన్‌కు దారి పొడుగునా ప్రలోభాలు ఎదురవుతాయి: బలిపశువు అయిపోవడం, పిచ్చెత్తిపోవడం, ప్రేమలో కరిగిపోవడం, త్యాగంలో మాయమవడం. ప్రతిచోటా ఒక ఆడమనిషి ఆమెకు తల్లిలా చెయ్యందిస్తుంది: బెస్సీ, మిస్ టెంపుల్, హెలెన్, డయానా, మేరీ. ఒక్కొక్కరూ ఒక్కొక్క మెట్టు. పెళ్లి దగ్గర కథ ముగిసినా జేన్ సమానురాలిగానే ఆ పెళ్లిలోకి వెళ్తుందని రిచ్ వాదన. నా దృష్టిలో ఈ నవల మీద వచ్చిన వ్యాసాల్లో అందరికన్నా ప్రేమగా రాసింది ఇదే. హాస్టల్‌లో పెరిగినవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. నాకు మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు అమ్మ దగ్గర లేదు. మా వంటమనిషి పెద్దమ్మ ఉంది.

1977లో ఎలేన్ షోవాల్టర్ రచయిత్రులకు సొంతంగా ఒక పరంపర ఉందని చూపిస్తూ పుస్తకం రాసింది, అందులో బ్రాంటీకి పెద్ద స్థానం ఇచ్చింది. పరీక్షలో ఆమె పేరు అడుగుతారు, గుర్తుపెట్టుకోండి. అసలు బాంబు మాత్రం 1979లో పడింది. శాండ్రా గిల్బర్ట్, సూసన్ గూబార్ కలిసి ‘ది మ్యాడ్‌వుమన్ ఇన్ ది ఏటిక్’ అనే పెద్ద గ్రంథం తెచ్చారు. ఏటిక్ అంటే ఇంటిపైన కప్పు కిందుండే గది. ఆ పేరే బెర్తానుంచి వచ్చింది.

వాళ్లు చెప్పింది ఇది. పైగదిలో ఉన్న బెర్తా వేరే మనిషి కాదు, జేన్ లోపల అణచిపెట్టుకున్న కోపమే ఆమె. జేన్‌కు ఆ పెళ్లి దుస్తుల హంగు ఇష్టం లేదు, బెర్తా వచ్చి పెళ్లి ముసుగును చింపేస్తుంది. జేన్‌కు యజమాని అధికారం మీద కోపం, బెర్తా అతని మంచానికి నిప్పంటిస్తుంది. చిన్నప్పుడు ఎర్రగదిలో బంధించబడ్డ జేన్, పైగదిలో బంధించబడ్డ బెర్తా – ఇద్దరిదీ ఒకే తాళం. అంతేకాదు, పందొమ్మిదో శతాబ్దపు రచయిత్రులందరూ పైకి అణకువగా రాస్తూ, ఇలాంటి పిచ్చి స్త్రీ పాత్రల్లో తమ కోపాన్ని దాచుకున్నారని వాళ్ల సిద్ధాంతం. ఉల్ఫ్‌కు అతుకులా కనిపించిన ఆ నవ్వు ఇప్పుడు మొత్తం పుస్తకానికి తాళంచెవి అయిపోయింది. కప్పు మీద జేన్ అడుగుతున్న ప్రశ్నకు లోపలినుంచి వచ్చిన జవాబే ఆ నవ్వు. యాభై ఏళ్లలో ఒక తప్పు గొప్ప అయిందంటే విమర్శ ఎంత మారిందో చూడండి.

నేను పీజీలో చేరిన కొత్తలో ఈ వాదం చదివి రెండు రోజులు ఎవరు కనిపిస్తే వారికి చెప్పాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మకు కూడా చెప్పాను. అమ్మ చదువుకోలేదు. మా ఇంట్లో డిగ్రీదాకా వచ్చింది నేనే మొదలు. పత్తి ఏరిన చేతులకు నూనె రాసుకుంటూ అంతా విన్నది. పైగదిలో ఉన్నది నిజంగా వేరే మనిషి కాదమ్మా, కింద ఉన్న అమ్మాయి కోపమే అట్లా కనిపిస్తుంది అని నేను ముగించాను.

“గట్లనా? మరి గా మీది అర్రల ఉన్నామెకు బువ్వ ఎవరు పెడ్తరే?” అని అడిగింది.

గ్రేస్ పూల్ అని ఒకామె ఉంటుందన్నాను. “మరి ఆమెది ఎవ్వల కోపం?” అన్నది.

అమ్మ వెటకారానికి అనలేదు. నేను ఇంటర్ చదివేటప్పుడు రెండేళ్లు మా మండల కేంద్రంలో ఒక ఇంట్లో మంచానపడ్డ ముసలామెను చూసుకునే పనికి పోయింది. ఆమెకు మతి నిలకడ లేదు, కొరికేది. స్నానం, తిండి, బట్టలు అన్నీ అమ్మే. ఆ ఇంట్లో అమ్మ గ్లాసు మాత్రం పెరట్లో గోడ మీద వేరుగా ఉండేది. నేను ఆ ప్రశ్న పట్టుకుని మళ్లీ నవల తెరిచాను. గ్రేస్ పూల్ గురించి నవలలో చాలానే ఉంది. పదిహేడో అధ్యాయంలో పనిమనుషులు ఆమె జీతం గురించి గుసగుసలాడుకుంటారు. ఆమెకు వచ్చేదానిలో ఐదో వంతు కూడా తనకు రాదంటుంది లీయా అనే పనమ్మాయి. మూడు నెలలకోసారి బ్యాంకుకు పోయి డబ్బు దాచుకుంటుందట. ఇరవై ఏడో అధ్యాయంలో రాచెస్టర్, ఈ ఇల్లు మూసేసి, బెర్తాతో ఇక్కడే ఉండడానికి గ్రేస్‌కు ఏడాదికి 200 పౌండ్లు ఇస్తానంటాడు. గవర్నెస్ జీతం 30. చదువు చెప్పే పనికన్నా రహస్యం కాపాడే పనికి ఖరీదెక్కువ. మా సిలబస్‌లో ఇచ్చిన వ్యాసాల్లో గ్రేస్ మీద ఒక పేరాకు మించి నాకు దొరకలేదు.

అమ్మ అడిగిన ప్రశ్నలో మొదటి సగాన్ని, అంటే బెర్తా ఒక మనిషి కదా అన్నదాన్ని, ఒక రచయిత్రి 1966లోనే అడిగింది. జీన్ రిస్ వెస్టిండీస్‌లోని డొమినికా దీవిలో 1890లో పుట్టింది. ఆమె రాసిన ‘వైడ్ సర్గాసో సీ’ బెర్తా కథ. అసలు పేరు ఆంట్వనెట్. జమైకాలో బానిసత్వం రద్దయిన తర్వాతి రోజులు. తెల్లవాళ్ల కుటుంబమే, కానీ ఇంగ్లండు తెల్లవాళ్లు తమలో కలుపుకోరు, విముక్తులైన నల్లవాళ్లు నమ్మరు. కట్నం కోసం వచ్చిన ఇంగ్లీషు భర్త ఆమె పేరు మార్చి బెర్తా అని పిలుస్తాడు. ఆ భర్తకు నవలంతా పేరే పెట్టలేదు రిస్. ఈ దెబ్బ నాకు బాగా నచ్చింది.

దీన్ని సిద్ధాంతంగా చేసింది మన దేశంలో పుట్టినామే. కలకత్తాలో 1942లో పుట్టి అమెరికాలో ప్రొఫెసరైన గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1985లో మూడు నవలల మీద ఒక వ్యాసం రాసింది. ‘జేన్ ఐర్’, రిస్ నవల, ‘ఫ్రాంకెన్‌స్టైన్’. సామ్రాజ్యాన్ని మరిచిపోయి పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు సాహిత్యాన్ని చదవడం కుదరదన్నది ఆమె మొదటి మాట. బెర్తాను మనిషో జంతువో తెలియనట్టు నాలుగు కాళ్ల మీద పాకించి చూపిస్తుంది నవల. ఆమె నిప్పంటించి చనిపోతేనే జేన్‌కు దారి దొరుకుతుంది. అంటే ఒక ఇంగ్లీషు ఆడది వ్యక్తిగా నిలబడడానికి వలసదేశపు ఆడది కాలిపోవాలి. అమెరికా స్త్రీవాదులు బెర్తాను జేన్ నీడగా చదివి ఆ పనినే మళ్లీ చేశారన్నది ఆమె ఆరోపణ. స్పివాక్ రిస్‌ను కూడా వదల్లేదు. ఆ నవలలో క్రిస్టఫీన్ అనే నల్లజాతి పనిమనిషి భర్తను ముఖం మీదే నిలదీసి, తర్వాత కథలోంచి వెళ్లిపోతుంది. ఆమెను పట్టుకోవడం రిస్ చేతకూడా కాలేదు.

ఇండియా సంగతి కూడా చూడండి. ‘జేన్ ఐర్’ చివరి మాటలు జేన్‌వీ కావు, రాచెస్టర్‌వీ కావు. ఇండియాలో మతప్రచారం చేస్తూ చావుకు దగ్గరపడ్డ సెయింట్ జాన్ గురించి. నవల మధ్యలో రాచెస్టర్‌తో పోట్లాడేటప్పుడు జేన్ టర్కీ సుల్తాను అంతఃపురాన్ని, మన సతీసహగమనాన్ని ఉదాహరణగా తెస్తుంది. నన్ను అలాంటి ఆడదాన్ని అనుకోకు అని. ఇంగ్లండులో ఆడవాళ్ల బాధ చెప్పడానికి తూర్పుదేశాల ఆడవాళ్లను కొలబద్దగా వాడటం ఒక అలవాటు అని జాయిస్ జొనానా 1993లో వివరంగా చూపించింది. ఐతే సూసన్ మేయర్ లాంటివారు, బ్రాంటీ సామ్రాజ్యాన్ని గుడ్డిగా సమర్థించలేదు, అణచివేతను చెప్పడానికి ఆ పోలికలు తెచ్చి, వాటితో తానే ఇరుకున పడింది అన్నారు. నేను మేయర్ వైపు కొంచెం మొగ్గుతాను. ఇక 2002లో ఎలిజబెత్ డొనాల్డ్‌సన్, పిచ్చిని తిరుగుబాటుకు గుర్తుగా మాత్రమే చూస్తే నిజంగా మానసిక వ్యాధి ఉన్న మనిషి కనబడకుండా పోతుందని రాసింది. అది చదివినప్పుడు నాకు మండల కేంద్రంలోని ఆ ముసలామె గుర్తొచ్చింది. అమ్మను ఆమె కొరికింది కోపంతో కాదు.

ఈ చర్చ మన హైదరాబాదుకు కూడా వచ్చింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండు సంపుటాలు 1991, 1993ల్లో వచ్చాయి. మొదటి సంపుటం ముందుమాటలో షోవాల్టర్, గిల్బర్ట్, గూబార్‌ల పద్ధతిని తీసుకుని, ఆడవాళ్లందరి అనుభవం ఒకటేనన్న ఊహను ప్రశ్నించారు. తెలుగులో అదే ప్రశ్నను దళిత స్త్రీలు స్త్రీవాద కవిత్వాన్ని అడిగారు. గోగు శ్యామల కూర్చిన ‘నల్లపొద్దు’ సంకలనం లైబ్రరీలో దొరికితే చూడండి.

చివరగా నేను సెమినార్‌లో చెప్పిన ఒక్క సంగతి. పూర్తి నవల చదివినప్పుడు మూడో అధ్యాయంలో ఆగిపోయాను. ఎర్రగది తర్వాత లాయిడ్ అనే మందులాయన జేన్‌ను అడుగుతాడు: ఇక్కడ ఇంత బాధగా ఉంటే, మీ నాన్న తరపు బంధువులెవరైనా ఉంటే పోతావా, వాళ్లు పేదవాళ్లైనా? పదేళ్ల జేన్ ఆలోచిస్తుంది. పేదవాళ్లంటే చినిగిన బట్టలు, చాలీచాలని తిండి, మోటు మాటలు. వద్దంటుంది. స్వేచ్ఛ కోసం అంత ధర పెట్టలేకపోయానని పెద్దయ్యాక ఆమే ఒప్పుకుంటుంది. ఆ ధరకు బ్రాంటీ వాడిన ఇంగ్లీషు మాట ‘కేస్ట్’. 1847లో, లండన్‌లో అచ్చైన పుస్తకంలో. పోర్చుగీసు మాట మన దేశం మీదుగా ఇంగ్లీషులోకి పోయి, ఒక అనాథ పిల్ల నోట్లోకి వచ్చింది. నేను పదో తరగతిలో చదివిన సంక్షిప్త ప్రతిలో ఈ మాట తీసేశారు.

అక్కడ ఆ మాటకు అర్థం తరగతి అనే, కులం కాదు అని సెమినార్‌లో ఒకరు సరిదిద్దారు. ఆ మాట నిజమే. ఐతే జేన్ పోనన్న ఇల్లు ఎట్లా ఉంటుందని ఆమె ఊహించుకున్నదో ఆ ఇంట్లోంచే నేను వచ్చాను అన్నాను. ఆ తర్వాత ప్రశ్నలు రాలేదు, టీ బ్రేక్ ఇచ్చారు.

ఇప్పుడు జేన్ అంటే నేనే అనుకోను. లోవుడ్ అధ్యాయాలు మాత్రం ఏడాదికోసారి చదువుతాను. పరీక్షకు చదివేవారు 3, 5–7, 12, 17, 24, 26, 27, 34, 38 అధ్యాయాలు తప్పకుండా మూలంలో చూడండి, గైడ్లలో సగం ఉండవు. నా పూర్తి ప్రతిని హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాను. గ్రేస్ పూల్ కనిపించిన ప్రతి పేజీలో పెన్సిల్‌తో గీత పెట్టాను. ఆమె మీద ఎవరైనా పేపరు రాయాలనుకుంటే అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

– పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. ఇంగ్లీషు